పెరుగుతుందనుకున్న లెక్క తగ్గింది: బరంపురం మేడ మీద నా అయస్కాంత తుఫాను ప్రయోగం

2016లో పత్రికలో చదివిన ఒక చిన్న వార్త ఎనిమిదేళ్ళ తరువాత నా చేత ఈ పని చేయించింది. ఊటీలో టాటా మౌలిక పరిశోధన సంస్థ నడిపే గ్రేప్స్-3 ప్రయోగశాలలో, 2015 జూన్ 22న భూ అయస్కాంత తుఫాను వచ్చినప్పుడు, ఆకాశం నుంచి దిగివచ్చే మ్యూయాన్ కణాల సంఖ్య రెండు గంటలపాటు పెరిగిందనీ, సూర్యుడి నుంచి వచ్చిన అయస్కాంత మేఘం తాకిడికి భూమి అయస్కాంత కవచం కాసేపు సడలడం వల్లనే అలా జరిగిందని అక్కడి శాస్త్రవేత్తలు భావిస్తున్నారనీ ఆ వార్త సారాంశం. నేను బరంపురంలో ఒక ప్రైవేటు కళాశాలలో ప్లస్ టూ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. తాతల కాలం నుంచి మాది ఈ ఊరే. ఇంట్లో తెలుగు, అంగట్లో ఒడియా, తరగతిలో ఇంగ్లీషు మా వాడుక. పందొమ్మిది డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న మా ఊరికి ధ్రువకాంతి, అంటే అటువంటి తుఫానుల్లో ధ్రువాల వైపు ఆకాశంలో మెరిసే రంగుల వెలుగు, కనబడే యోగం లేదు. అయితే తుఫాను రాత్రి పై వాతావరణం నుంచి రాలే కణాలనైనా లెక్కపెట్టవచ్చు కదా, ఊటీలో పెరిగిన లెక్క మా మేడ మీద మాత్రం ఎందుకు పెరగదు అని నాకు అనిపించింది. ఆ ఆలోచనలో ఉన్న తప్పులు ఒక్కొక్కటిగా బయటపడడానికి పది నెలలు పట్టింది.

అసలు పైనుంచి ఏమి దిగివస్తుందో ముందు చెప్పాలి. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాల్లో అధికభాగం ప్రోటాన్లు. అవి నేల దాకా రావు. సుమారు 15 నుంచి 20 కిలోమీటర్ల ఎత్తున గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కేంద్రకాలను ఢీకొని పయాన్లనే కణాలను పుట్టిస్తాయి, ఆ పయాన్లు పుట్టిన క్షణంలోనే మ్యూయాన్లుగా మారిపోతాయి. మ్యూయాన్ సగటు ఆయుర్దాయం 2.2 మైక్రోసెకన్లు మాత్రమే. ఆ లెక్కన అది ముప్పావు కిలోమీటరు కూడా ప్రయాణించకముందే నశించాలి. కానీ కాంతివేగానికి అంత దగ్గరగా పరుగెత్తే కణం గడియారం మన గడియారం కంటే నెమ్మదిగా నడుస్తుంది కనుక, అవి నేల దాకా వచ్చి మన అరచేతి గుండా సెకనుకు ఒకటైనా చొప్పున దూసుకుపోతున్నాయి. సాపేక్ష సిద్ధాంతానికి ఉదాహరణగా నేను ఏటా తరగతిలో చెప్పే మాటే ఇది. చెప్పడమే తప్ప, ఆ కణాలను సొంతంగా లెక్కపెట్టి చూసినవారు మా కళాశాలలో నాతో సహా ఒక్కరూ లేరు.

2024 జనవరిలో ఒక ఎస్‌బీఎం-20 గైగర్ గొట్టం, దానికి 400 వోల్టులు అందించే చిన్న బోర్డు, లెక్కలు రాసుకొనే ఈఎస్‌పీ32 చిప్పు తెప్పించాను. ఈ రకం గొట్టం సోవియట్ కాలపు రూపకల్పన. చిటికెనవేలంత లావు, బెత్తెడు కంటే కొంచెం ఎక్కువ పొడవు ఉంటుంది. లోపలి వాయువును ఏదైనా కణం అయనీకరించినప్పుడల్లా ఒక విద్యుత్ స్పందన పుడుతుంది, చిన్న స్పీకరు తగిలిస్తే అదే టిక్కుమని వినిపిస్తుంది. ప్రోగ్రాము రాసిపెట్టింది మా మేనల్లుడు, మా అప్ప కొడుకు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు.

మొదటి గొట్టాన్ని రెండో రోజే చంపుకున్నాను. బోర్డు నుంచి వచ్చే వోల్టేజీని మామూలు మల్టీమీటరుతో కొలిస్తే 280 అని చూపింది. తక్కువగా ఉందనుకొని స్క్రూ తిప్పి 400 దాకా పెంచాను. గొట్టం ఆగకుండా కేకపెట్టినట్టు టిక్కులు కొట్టి, కాసేపటికి పూర్తిగా మూగబోయింది. ఇటువంటి బోర్డు ఇవ్వగలిగే కరెంటు అతి స్వల్పం. మల్టీమీటరు తనకు కావలసిన ఆ కాస్త కరెంటును లాగుకోవడం వల్లనే వోల్టేజీ పడిపోయి 280గా కనబడుతోందని, అసలు వోల్టేజీ మొదటి నుంచీ సరిగానే ఉందని తరువాత గ్రహించాను. నూరు మెగాఓముల రెసిస్టర్లు పది వరుసగా కలిపి, వాటి చివర మీటరు పెడితే అసలు విలువలో నూట ఒకటో వంతు కనబడుతుంది. అప్పటి నుంచి అలాగే కొలుస్తున్నాను. నిండు కుండలో నీరెంత ఉందో చూడడానికి బకెట్టు ముంచినట్టు ఉంది నా మొదటి పద్ధతి.

రెండో గొట్టం మా మేడ మీది గదిలో నిమిషానికి సగటున 22 టిక్కులు చూపింది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం దాన్ని సంచిలో వేసుకొని ఛత్రపురంలో ఉన్న మా అప్ప ఇంటికి వెళ్ళాను. పెరట్లో అరుగు మీద పెట్టగానే లెక్క 58కి, ఇసుక కుప్ప పక్కన పెడితే 70 దాటి వెళ్ళింది. ఆకాశమే తెరుచుకుందన్నంత సంబరపడ్డాను. మా మేనల్లుడు మాత్రం గొట్టం చేతిలోకి తీసుకొని మేడ ఎక్కాడు. పైకి వెళ్ళేకొద్దీ లెక్క పడిపోయింది. "పైనుంచి వచ్చేదయితే మేడ మీద తగ్గుతాదేటి మావయ్యా? ఇది కిందనుంచి వస్తాంది" అన్నాడు. వాడి మాట నిజం. ఛత్రపురం, గోపాలపురం తీరంలోని ఇసుకలో ఇల్మెనైట్, జిర్కాన్‌లతో పాటు మోనజైట్ ఉంటుంది, మోనజైట్‌లో థోరియం అనే రేడియోధార్మిక మూలకం ఉంటుంది. ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ ఛత్రపురంలో కర్మాగారం పెట్టుకున్నది ఈ ఇసుక కోసమే. నా గొట్టం లెక్కపెట్టింది థోరియం సంతతి నుంచి వచ్చే గామా కిరణాలను. "మా నేలలో విషముందంటావేట్రా?" అని అప్ప కంగారుపడింది. కేరళలో కరునాగపల్లి తీరాన ఇంతకంటే ఎక్కువ ఉన్న చోట తరతరాలుగా జనం కాపురాలు చేస్తున్నారని చెప్పాను. ఆవిడ నమ్మినట్టు లేదు, ఇసుక కుప్పను మాత్రం మర్నాడే వీధిలోకి తోయించిందట.

బరంపురంలో ఆ బాధ తక్కువే గానీ లేకపోలేదు. ఇటుక, సిమెంటు, నేల, అన్నీ ఎంతో కొంత గామా ఇస్తూనే ఉంటాయి. ఒంటరి గొట్టం చూపే 22 టిక్కుల్లో సగానికి పైగా ఈ లోకానివే. ఈ సంగతి ఆనాడే లోతుగా ఆలోచించి ఉంటే మే నెలలో అంత అభాసుపాలు అయ్యేవాణ్ణి కాదు.

2024 మే 10 రాత్రి, మన కాలమానంలో సుమారు పదిన్నర దాటాక, ఇరవై ఏళ్ళలో ఎన్నడూ రానంత పెద్ద అయస్కాంత తుఫాను మొదలైంది. 2003 అక్టోబరు తరువాత ఐదో స్థాయికి, అంటే అత్యున్నత స్థాయికి చేరిన తుఫాను అదే. భూమధ్యరేఖ దగ్గరి అయస్కాంత క్షేత్రం ఎంత కుంగిందో చెప్పే డీఎస్‌టీ సూచిక మైనస్ 400 నానోటెస్లాల ప్రాంతానికి దిగింది. లద్దాఖ్‌లోని హాన్లే ఖగోళ వేధశాల కెమెరాలో ఆకాశం ఎర్రబారిన చిత్రాలు మర్నాటికల్లా అందరి ఫోన్లలోకీ వచ్చాయి. నేనేమో ఆ రాత్రి గాఢనిద్రలో ఉన్నాను. పొద్దున లేచి కంప్యూటరులో చూస్తే పదిన్నర దగ్గర ఏ మార్పూ లేదు, రాత్రంతా 21, 23, 22 అంటూ గీత నేలబారుగా సాగింది. నిరాశపడ్డాను. అయితే 11వ తేదీ సాయంత్రం, ఎన్నికల ప్రచారం ఆఖరి గంటల్లో మైకులు మా వీధిని హోరెత్తించి వెళ్ళిన కాసేపటికి, లెక్క 22 నుంచి 29కి ఎక్కి, గంటన్నర పాటు నెమ్మదిగా దిగింది. తుఫాను ఇంకా ముగియలేదు కనుక ఇది దాని ఆలస్యపు ప్రభావమే అనుకున్నాను, ఊటీ వార్తలోని రెండు గంటలు నా మనసులో బాగా నాటుకొని ఉన్నాయి మరి. ఆ గీతను అచ్చు తీయించి, నాకు డిగ్రీలో పాఠం చెప్పి ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్న మాస్టారి ఇంటికి పట్టుకెళ్ళాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకొని గీతను చాలాసేపు చూశారు. తరువాత అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆ సాయంత్రం మీ వీధిలో వాన పడిందా?"

పడింది. కాలబైశాఖి గాలీ, ఉరుములూ, అరగంట గట్టి జల్లు. నేలలోంచి పైకి వచ్చే రాడాన్ వాయువు గాలిలో క్షయించినప్పుడు పుట్టే సీసం-214, బిస్మత్-214 ధూళికణాలకు అంటుకొని గాలిలో తేలుతూ ఉంటాయనీ, వాన వాటిని కడిగి నేల మీదకూ డాబా మీదకూ తెస్తుందనీ, వాటి అర్ధాయువులు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలాలు, సుమారు 27 నిమిషాలు, 20 నిమిషాలు కాబట్టి వాన వెలిశాక గంట, గంటన్నరలో లెక్క మళ్ళీ మామూలవుతుందనీ ఆయన వివరించారు. "సూర్యుడి మీద నేరం మోపే ముందు మబ్బును అడగాలయ్యా" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అప్పటికే కళాశాలలో ఇద్దరు ముగ్గురికి నా గొప్ప చెప్పుకొని ఉన్నాను.

జూన్‌లో తొలకరి జల్లు పడగానే ఆ మాటను పరీక్షించాను. వాన వెలిసిన వెంటనే మా బావగారి స్కూటరు సీటు మీద, డాబా పిట్టగోడ మీద నిలిచిన నీటిని టిష్యూ కాగితాలతో తుడిచి, ఆ కాగితాలను గొట్టానికి ఆనించి చుట్టాను. నిమిషానికి 22 ఉండవలసిన లెక్క 140కి చేరింది. అరగంటకు కాస్త అటూ ఇటూగా సగమవుతూ, మూడు గంటల్లో 25కి దిగివచ్చింది. ఆ గీత నా మే నెల గీతకు అచ్చంగా అన్నదమ్ముడిలా ఉంది. ఈ పరీక్షను ఇప్పుడు ఏటా పిల్లల చేత చేయించాలనుకుంటున్నాను. ఖర్చు లేదు, అర్ధాయువు అనే మాట కళ్ళముందు కనబడుతుంది.

మాస్టారు ఆ వేసవిలో చెప్పిన మిగతా మాటలు నా ప్రయోగం దిశనే మార్చేశాయి. ధ్రువకాంతిని పుట్టించే ఎలక్ట్రాన్లు వంద కిలోమీటర్ల ఎత్తు దగ్గరే ఆగిపోతాయి. అంతకంటే శక్తిమంతమైనవి, భూమిని చుట్టి ఉండే వికిరణ మేఖలల నుంచి రాలేవి, ఇంకొంచెం కిందికి దిగి ఎక్స్ కిరణాలను వెలువరిస్తాయి గానీ ఆ కిరణాలను కూడా సుమారు 30 కిలోమీటర్ల ఎత్తులోని గాలి పీల్చేస్తుంది. వాటిని పట్టుకోవడానికే నాసా వారు 2013, 2014లలో అంటార్కిటికా నుంచి బ్యారెల్ అనే పేరుతో వరుసగా బెలూన్లు ఎగరేశారు. నేల మీద కూర్చున్నవాడికి ఆ వర్షం దక్కదు. పోనీ, సూర్యుడు విసిరే ప్రోటాన్లు నేరుగా వచ్చి మ్యూయాన్లను పుట్టిస్తాయా అంటే, మే 11 తెల్లవారాక వచ్చిన విస్ఫోటనం వంటి అరుదైన సందర్భాల్లో ధ్రువాలకు దగ్గరి కేంద్రాల్లో కణాల లెక్క పెరగడం నిజంగానే కనబడింది. కానీ మన దేశం మీద భూమి అయస్కాంత క్షేత్రం దాదాపు అడ్డంగా పరుచుకొని ఉండడం వల్ల, నిట్టనిలువుగా ఇక్కడి గాలిలోకి దిగాలంటే ప్రోటాన్‌కు సుమారు 17 గిగావోల్టుల దృఢత్వం, అంటే ఆ క్షేత్రానికి వంగిపోకుండా చొచ్చుకువచ్చే సత్తువ, కావాలి. ఫిన్లాండ్‌లోని ఔలుకు ఒక గిగావోల్టు కూడా అవసరం లేదు. సూర్యుడి కణాల్లో అంతటి శక్తి ఉన్నవి లేవన్నంత అరుదు. ఊటీలో జరిగింది వేరు. అక్కడ ఆ గడప ఎత్తే కాసేపు కొద్దిగా తగ్గి, ఎప్పుడూ గడప బయట నిలబడే నక్షత్రలోకపు కణాలు కొన్ని లోపలికి వచ్చాయి. ఆ స్వల్పమైన పెరుగుదలను పట్టింది 560 చదరపు మీటర్ల దూరదర్శిని. నా దగ్గర ఉన్నది చిటికెనవేలు.

"నువ్వు పెరుగుదల కోసం కాదు, తగ్గుదల కోసం చూడు" అన్నారు మాస్టారు. 1937 ఏప్రిల్‌లో వచ్చిన అయస్కాంత తుఫానులో విశ్వకిరణాల తీవ్రత తగ్గిందని స్కాట్ ఫోర్‌బుష్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గమనించాడు. అమెరికాలోని చెల్టెనహామ్‌లోనే కాక, భూమధ్యరేఖకు దగ్గరగా పెరూలో ఉన్న హువాన్‌కాయోలో పెట్టిన పరికరం కూడా ఆ తగ్గుదలను చూపింది. సూర్యుడి నుంచి బయలుదేరిన అయస్కాంత మేఘం భూమిని దాటిపోయేటప్పుడు గొడుగులా అడ్డుపడి, దూరం నుంచి వచ్చే కణాలను కొన్నాళ్ళపాటు పక్కకు తోసేస్తుంది. సూర్యుడి కణాలు మన గడప దాటలేకపోవచ్చు గానీ, ఆ గొడుగు నీడ మాత్రం మన మీద కూడా పడుతుంది. నీడ ఎంతటిదంటే, మా అక్షాంశంలో మ్యూయాన్లకు రెండు మూడు శాతం ఉంటే గొప్ప.

రెండు మూడు శాతాన్ని పట్టాలంటే రెండు పనులు జరగాలి. నేల నుంచి వచ్చే గామాను లెక్కలోంచి తీసేయాలి, మ్యూయాన్ల లెక్క రోజుకు వేలల్లో ఉండాలి, ఎందుకంటే ఏ లెక్కలోనైనా దాని వర్గమూలమంత అనిశ్చితి ఎలాగూ ఉంటుంది. వందకు పది, అంటే పది శాతం. పదివేలకు వంద, అంటే ఒక శాతం. జూన్, జూలై నెలల్లో పన్నెండు గొట్టాలతో రెండు పళ్ళేలు తయారుచేశాను, పళ్ళేనికి ఆరు చొప్పున, ఒకదాని మీద ఒకటి, మధ్య అయిదు సెంటీమీటర్ల ఎడం. రెండు పళ్ళేలూ ఒకే క్షణంలో మోగితేనే లెక్కలోకి తీసుకోవాలి. గామా కిరణం సాధారణంగా ఒకదాన్ని తట్టి ఆగిపోతుంది. మ్యూయాన్ రెండింటినీ చీల్చుకొని పోతుంది. మేము దీన్ని జంట లెక్క అంటాం.

రెండు పళ్ళేల మధ్య సీసం పెడితే ఇంకా మంచిదని మాస్టారు అన్నారు. అంత సీసం ఎక్కడ దొరుకుతుంది? గోపాలపురంలో వలలకు కట్టే సీసపు గుళ్ళు అమ్మే కొట్టు ఒకటి ఉంది. అక్కడి జాలర్లది తెలుగే కనుక బేరం తేలికగా సాగింది. ఎనిమిది కిలోలు కొన్నాను. "ఏ వలకు బాబూ ఇంత సీసం?" అని కొట్టతను అడిగితే ఏమి చెప్పాలో తోచక, పెద్ద వలకే అన్నాను. ఊరి బయట ఒక పోత కొలిమిలో, గాలి వాటం చూసుకొని దూరంగా నిలబడి, ఇనుప తట్టలో పలకగా పోయించాను. సీసపు పొగ ప్రమాదకరం, దాన్ని ఇంట్లో కరిగించే పని ఎవరూ పెట్టుకోకూడదు.

పెట్టె సిద్ధమయ్యాక జంట లెక్క నిమిషానికి 60 వచ్చింది. నా అంచనా 20. ఎక్కువ వచ్చినందుకు సంతోషించే దశ నేను దాటిపోయాను కనుక, పై పళ్ళేన్ని తీసి గదికి అవతలి మూలన పెట్టి చూశాను. జంట లెక్క సున్నాకు దగ్గరగా పడాలి. 40 దగ్గర ఆగింది. అంటే నలభై దొంగ జంటలు. నాలుగు రాత్రులు వెతికితే తేలిందేమిటంటే, రెండు పళ్ళేలకూ ఒకే అధిక వోల్టేజీ బోర్డు నుంచి సరఫరా ఇచ్చాను. ఒక పళ్ళెంలో గొట్టం మోగినప్పుడు ఆ కుదుపు తీగల గుండా రెండోదానికి చేరి అక్కడ కూడా మోత పుట్టిస్తోంది. పళ్ళేనికొక బోర్డు, గొట్టానికొక 5.1 మెగాఓముల రెసిస్టరు పెట్టాక దొంగలు పోయారు. ఒక్క ఫ్యాను రెగ్యులేటరు మాత్రం వేగం మార్చినప్పుడల్లా ఒకటి రెండు జంటలు దానం చేసేది; పెట్టె చుట్టూ అల్యూమినియం రేకు చుట్టి భూమికి కలిపాక అదీ మానింది. చివరకు నిలిచిన లెక్క నిమిషానికి 20, రోజుకు దాదాపు 28,800. పెట్టెను అరవై డిగ్రీలు వాలిస్తే లెక్క ఇంచుమించు నాలుగో వంతుకు పడిపోయింది. నిలువుగా వచ్చే మ్యూయాన్లే ఎక్కువ, కోణం పెరిగేకొద్దీ కొసైన్ వర్గం ప్రకారం తగ్గుతాయి అన్న పుస్తకపు మాటకు అది సరిపోయింది. అప్పుడు నాకు మొదటిసారి ఈ పెట్టె మీద నమ్మకం కుదిరింది. వాన పడిన రోజున ఒంటరి లెక్కలు లేచి పడుతున్నా జంట లెక్క చలించకపోవడం ఆ నమ్మకాన్ని రెట్టింపు చేసింది.

మిగిలింది గాలి బరువు. వాయుపీడనం ఎక్కువగా ఉందంటే మన నెత్తి మీద గాలి ఎక్కువగా ఉందని అర్థం, దారిలో ఎక్కువ మ్యూయాన్లు ఆగిపోతాయి. బీఎంపీ280 అనే చిన్న సెన్సరు పెట్టి ప్రతి నిమిషం పీడనాన్ని కూడా రాయించాను. ఉష్ణమండలంలో పీడనం రోజుకు రెండుసార్లు, పొద్దున పది గంటలకూ రాత్రి పది గంటలకూ దగ్గరగా, అలలా పైకి లేస్తుందని చదవడమే గానీ చూడడం అదే మొదలు. సముద్రానికి పోటుపాట్లు ఉన్నట్టు గాలికీ ఉన్నాయన్నమాట. బంగాళాఖాతపు వాయుగుండాలు ఈ విషయంలో నాకు మేలే చేశాయి. సెప్టెంబరు 9న పూరీ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం వంటివి వచ్చినప్పుడు పీడనం బాగా పడేది, లెక్క కొద్దిగా లేచేది. మూడు నెలల లెక్కలను పీడనం ప్రకారం దొంతరలుగా పేర్చి చూస్తే, ఒక హెక్టోపాస్కల్‌కు 0.13 శాతం చొప్పున సవరించాలని తేలింది.

అక్టోబరు 9న సూర్యుడి మీద అన్నిటికంటే శక్తిమంతమైన ఎక్స్ తరగతికి చెందిన (ఎక్స్1.8) జ్వాల లేచింది, దానితోపాటు బయలుదేరిన మేఘం 10వ తేదీ రాత్రి తొమ్మిదికి పావుగంట ముందు భూమిని తాకింది. దసరా రోజులు. వీధి చివర దుర్గమ్మ పందిరి, దాని జనరేటరు, మైకులు, రెండుసార్లు కరెంటు పోవడం. పెట్టె ఇన్వర్టరు మీద నడిచింది. నేను ఈసారి నిద్రపోలేదు, అలాగని చూడడానికి కూడా ఏమీ లేదు. నిమిషానికి 20 వచ్చే లెక్కలో రెండు శాతం తేడాను కన్ను పట్టలేదు. గంట లెక్కలో కూడా అనిశ్చితి మూడు శాతం. ఒక పూట కూర్చొని చూసే తమాషా కాదిది, రోజులు కూడితే గానీ మాట పెగలదు. మే నెలలో ఎగిరిన ఆ టిక్కుల్లో ఉన్న నాటకీయత ఇందులో ఏమాత్రం లేదు.

పండగ వెళ్ళాక రోజుల లెక్కలు కూడి చూశాను. అక్టోబరు 4 నుంచి 9 దాకా పీడనం సవరించిన రోజువారీ సగటు 28,870. 10వ తేదీ రాత్రి తొమ్మిది నుంచి 11వ తేదీ రాత్రి తొమ్మిది దాకా 28,090. తరువాతి రెండు రోజులు 28,310, 28,560. 15వ తేదీకి మళ్ళీ 28,800 దాటింది. తగ్గుదల 2.7 శాతం. వర్గమూలం ప్రకారం ఒక రోజు లెక్కలో అనిశ్చితి 170 మాత్రమే గానీ, సెప్టెంబరులో ప్రశాంతంగా ఉన్న రోజుల మధ్య కూడా నా లెక్క 260 దాకా అటూ ఇటూ ఊగింది కనుక, ఆ 260నే కొలతగా తీసుకున్నాను. 780 తగ్గుదల దానికి మూడు రెట్లు. విశ్వకిరణాలు పుట్టించే న్యూట్రాన్లను లెక్కపెట్టే ఔలులోని కేంద్రం గీతను పక్కన పెట్టి చూస్తే ఆ గీత కూడా అదే రాత్రి దిగింది. ఊటీ పరికరం వైశాల్యం నా పళ్ళెం కంటే లక్ష రెట్లు పెద్దది. వాళ్ళకు నిమిషాల్లో తేలే సంగతి నాకు ఒక రోజంతా కూడితే గానీ తేలలేదు.

కాగితాలు పట్టుకొని మళ్ళీ మాస్టారి దగ్గరకు వెళ్ళాను. ఈసారి వాన గురించి అడగలేదు. "కరెంటు పోయిందన్నావు, ఇన్వర్టరు మీద వోల్టేజీ పడి గొట్టాలు మందగించలేదని ఎలా చెప్పగలవు?" అన్నారు. చెప్పలేకపోయాను, పండగ హడావిడిలో ఆ రోజు అధిక వోల్టేజీని కొలవడం మరిచిపోయాను. నవంబరులో రెండు రోజులు కావాలని మెయిన్ ఆపేసి పెట్టెను ఇన్వర్టరు మీదే నడిపాను, పది రెసిస్టర్ల వరుసతో మూడు గంటలకొకసారి వోల్టేజీ కొలిచాను. అది కదలలేదు. లెక్కలు 28,790, 28,930 వచ్చాయి. ఆయన రెండో ప్రశ్న మాత్రం ఇంకా మిగిలే ఉంది: పై వాతావరణం వేడెక్కినప్పుడు గాలి వ్యాకోచించి మ్యూయాన్లు మరింత ఎత్తున పుడతాయి, దారి పొడవై ఎక్కువ నశిస్తాయి, ఆ ప్రభావం నా లెక్కలో ఎంత అన్నది. దానికి కనీసం ఒక ఏడాది లెక్కలు కావాలి. పెట్టె మేడ మీద గదిలోనే ఉంది. ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్ళు పోయడం ఇప్పుడు మా మేనల్లుడి వంతు.